నోట్లోకి అరవం వచ్చేలోపు

నాకు కోపం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఎవరూ నా మొహం చూడరు. నేను ఏ భాషలో మాట్లాడుతున్నానో వింటే వాళ్ళకు సరిపోతుంది. తెలుగులో మాట్లాడుతున్నంతసేపూ అందరూ నిశ్చింతగా ఉంటారు. తమిళం మొదలైందంటే మా ఆయన చెప్పులేసుకుని పాల ప్యాకెట్ తెస్తానని బయటికి వెళ్ళిపోతాడు. ఫ్రిజ్‌లో పాలు ఉన్నా సరే, వెళ్తాడు. మా ఇళ్ళల్లో తమిళాన్ని అరవం అంటాం. "అమ్మకి అరవం వచ్చేసినాది" అని నా కూతురు చిన్నప్పుడే ఒక మాట కనిపెట్టింది. అది మెల్లగా మా బంధువులందరికీ పాకింది. ఇప్పుడు చుట్టాలు ఫోన్ చేస్తే ముందు మా ఆయన్ని అడిగేది, "ఏమప్పా, ఇప్పుడు మాట్లాడొచ్చా, అరవంలో ఉందా?" అనే.

తిరువళ్ళూరులో ఉండే మాలాంటి తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఎప్పుడో రాయల కాలంలో వచ్చి ఇక్కడ సేద్యం చేసుకున్నవాళ్ళం అంటారు పెద్దలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను బడిలో చదివింది తమిళం. బస్సులో సీటు కోసం, రేషన్ షాపులో వరుస కోసం, గ్యాస్ సిలిండర్ కోసం పోట్లాడింది తమిళంలో. నేను గెలిచిన గొడవలన్నీ ఆ భాషలో గెలిచినవే. అందుకే గొడవ వాసన తగిలితే చాలు, నా నాలుక దానంతటదే ఆ పక్కకు తిరుగుతుంది. తెలుగు మాత్రం నాకు మా అమ్మ ఒడిలో వచ్చింది. మా అమ్మకు ఎవరినైనా తిట్టాలంటే ఒకటే తిట్టు తెలుసు. "నీ ఇల్లు బంగారం గాను!" అనేది, అంతే. అలాంటి అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగుతో ఎవరితో పోట్లాడగలం?

నేనూ మా తోడికోడలూ కలిసి పెళ్ళి వంటలు చేస్తాం. ఆమె మా ఆయన అన్న భార్య, నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను. మొదట బంధువుల ఇళ్ళల్లో సీమంతాలకు, గృహప్రవేశాలకు సరదాగా చేసేవాళ్ళం. తిన్నవాళ్ళు ఇంకొకళ్ళకు చెప్పారు. అలా అలా పెరిగి ఇప్పుడు తిరువళ్ళూరు, తిరుత్తణి, అరక్కోణం కల్యాణ మండపాల్లో మా పేరు చెబితే తెలుసు. చెయ్యి అక్కది. సాంబారు ఉడుకుతుంటే మూత తీయకుండా వాసన పట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెబుతుంది. నోరు నాది. ఫోన్లు, సరుకులు, పనివాళ్ళు, ఇచ్చిన సమయానికి రాని టెంపో, అన్నీ నేను చూస్తాను. అంటే రోజంతా తమిళంలో ఉంటాను. ఆ తమిళాన్ని గడప బయట వదిలి రావడం నాకు చేతకాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటి వెనక షెడ్డులో పులిహోరకు చింతపండు నానబెట్టడం ఆలస్యమైంది. అంతే, ఇంకేమీ కాలేదు. ఉడుకునీళ్ళు పోస్తే తీరిపోయే సంగతి. నేను మాత్రం పనికి వచ్చిన ఆడవాళ్ళ ముందు అక్క మీద విరుచుకుపడ్డాను. "అరివు ఇరుక్కా?" అన్నాను. బుద్ధుందా అని. నాకంటే పెద్దదాన్ని, నాకు పొయ్యి ముట్టించడం నేర్పినదాన్ని. అక్క చింతపండు పిసికింది, పులిహోర కలిపింది, గిన్నెలన్నీ టెంపో ఎక్కించింది. అందరూ వెళ్ళాక భుజం మీద తువ్వాలు తీసి మడతపెట్టి గట్టు మీద పెట్టింది.

"హాస్టల్ వాళ్ళు పిలస్తా ఉండారు," అంది. "ఆడపిలకాయలకు వండిపెట్టే పని. ఒప్పుకుందామని ఉంది. తిరుత్తణిలో వైగాసి నెలలో పెండ్లి ఒకటి మాటిచ్చినాము కదా, అది చేసిపెట్టి నేను తప్పుకుంటా."

"ఈపాటి దానికా అక్కా?" అన్నాను.

"ఈపాటి దానికి కాదుమే. నీకు కోపం వస్తే నాకు బాధలేదు. కోపం అందరికీ వస్తాది. నీకు కోపం వచ్చేదానికి ముందే అరవం వస్తాది. అది వచ్చినాక నువ్వు నువ్వు కాదు. యాడో బస్టాండులో నిలబడుకోనుండే మనిషి నా వంటింట్లోకి వచ్చినట్టుంటాది. ఆ మనిషితో నేను పని చేయలేను."

ఆమె వెళ్ళిపోయాక షెడ్డులో ఒక్కదాన్నే చాలాసేపు కూర్చున్నాను. అక్క లేకపోతే ఈ పని ఉండదు. అది ఎలాగూ తెలుసు. కానీ నాకు భయం వేసింది దానికి కాదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఏ సంగతైనా మొదట చెప్పుకునేది ఆమెతోనే. ఆమె హాస్టల్‌కు వెళ్ళిపోతే నేను ఎవరితో మాట్లాడాలి? ఏడుపొచ్చింది. ఏడుపు మాత్రం తెలుగులోనే వచ్చింది.

ఆ తర్వాత నేను నన్ను బాగుచేసుకునే పనిలో పడ్డాను. ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన బీపీ చూసి, ఉప్పు తగ్గించమన్నాడు, టెన్షన్ తగ్గించమన్నాడు. పెళ్ళి వంటలు చేసేదానికి ఈ రెండూ చెప్పే డాక్టరు చాలా ధైర్యవంతుడు అనుకున్నాను. మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో పెట్టి ఇచ్చింది. ఒక ఆడ గొంతు తీయగా, కళ్ళు మూసుకోండి, ఊపిరి నిదానంగా లోపలికి తీసుకోండి అంటుంది. తీసుకున్నాను. ఇంకా వదలమని చెప్పకముందే మధ్యలో బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. ఆ ఊపిరి పట్టుకుని నేను ప్రకటన అయ్యేదాకా కూర్చున్నాను. దాంతో ఉన్న కాస్త ప్రశాంతతా పోయింది.

చివరికి అక్క చెప్పిన మాటనే పట్టుకున్నాను. కోపం కంటే ముందు అరవం వస్తుంది అంది కదా. అంటే నాకు ముందుగా ఒక గంట మోగుతోందన్నమాట. ఇన్నేళ్ళూ ఇంట్లో అందరికీ వినబడింది, నాకే వినబడలేదు. సరే, ఇక మీద నేనూ విందాం అనుకున్నాను.

వినడం మొదలుపెట్టాక ఆశ్చర్యమైన సంగతులు తెలిశాయి. నేను టమాటాల మీద అరిచినప్పుడు తప్పు టమాటాలది కాదు. దానికి చాలా ముందు టెంపో అతను ఫోన్ ఎత్తలేదు. అతని మీద అరవలేక దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగి, టమాటాలు కనబడగానే దింపుకున్నాను. ఇద్దరు ముగ్గురు ఒకేసారి నన్ను పిలిస్తే కూడా వస్తుంది. ముందు దవడ బిగుసుకుంటుంది, తర్వాత చేతిలో ఉన్నదాన్ని గట్టిగా కింద పెడతాను, ఆ తర్వాత తమిళం. అన్నిటికంటే సిగ్గనిపించిన సంగతి ఇంకొకటి. నా కోపాలన్నీ దాదాపు భోజనానికి ముందే వస్తున్నాయి. మా పనిలో ఒక ఆచారం ఉంది. వండినవాళ్ళు చివరి బంతి లేచాకే తినాలి, అంతదాకా మంచినీళ్ళతో సరి. ఊరందరికీ అన్నం పెట్టే మనిషిని నేను, ఆకలితో అరుస్తున్నానని తెలుసుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆ రోజు నుంచి వడ్డన మొదలయ్యేలోపు ఒక మూలకు వెళ్ళి పిడికెడు పెరుగన్నం తినేస్తున్నాను. ఆచారం నన్ను క్షమించాలి.

ఇంకొక ఉపాయం నాకు నేనే కనిపెట్టుకున్నాను. నోట్లోకి తమిళం వస్తోందని తెలియగానే, చెప్పాలనుకున్నది తెలుగులో చెప్పాలి. అంతే నియమం. చూడ్డానికి చాలా సులువు. కానీ తెలుగులో తిట్టడానికి నా దగ్గర సరుకు లేదని చెప్పాను కదా. మాట కోసం వెతకాలి. ఆ వెతుకులాటలో ఒక్క క్షణం గడుస్తుంది. ఆ క్షణంలో ఎదుటి మనిషి మొహం కనబడుతుంది. మొహం కనబడ్డాక సగం కోపం ఎక్కడికి పోతుందో తెలియదు. ఒకరోజు కొబ్బరి మాడగొట్టిన అమ్మాయి మీద అరవబోయి, మాట దొరక్క, చివరికి "నీ ఇల్లు బంగారం గాను!" అన్నాను. షెడ్డులో అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. కొబ్బరి మళ్ళీ తురుముకుంది. అక్క మాత్రం నవ్వలేదు. నన్ను ఒకసారి చూసి మళ్ళీ పని చేసుకుంది.

అన్ని రోజులూ అలా జరగలేదు. గ్యాస్ ఏజెన్సీ ముందు ఒకరోజు నా నియమం గాలికి పోయింది. సిలిండర్ల బండి నా ముందే ఇంకొక వీధికి తిరిగితే, ఆ వీధి మొత్తం వినేలా తమిళంలో కడిగేశాను. ఇంటికి వచ్చి మొహం కడుక్కుంటుంటే నాకే నవ్వొచ్చింది. పడినా మళ్ళీ లేవొచ్చు అనుకున్నాను. లేచాను కూడా.

అలా వైగాసి వచ్చింది. పెళ్ళికూతురివాళ్ళు తిరుత్తణి పక్క పల్లెలో మాలాగే తెలుగువాళ్ళు. పెళ్ళికొడుకువాళ్ళు కాంచీపురం వైపు తమిళులు. తాళి కట్టడం కొండ మీద స్వామి సన్నిధిలో, భోజనాలు కింద మండపంలో. వైగాసి ముహూర్తం అంటే కొండ మీద ఒక్క పెళ్ళి ఉండదు. పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు. ఒక పెళ్ళివాళ్ళ మేళం ఇంకొకళ్ళ చెవుల్లో మోగుతుంటుంది. కిందికి దిగే దారి నిండా కార్లు, వ్యాన్లు.

మేము తెల్లవారకముందే మండపం వంటింట్లో ఉన్నాం. అక్కకు అదే ఆఖరి పెళ్ళి. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు. నేను చట్నీకి కొబ్బరి వలుస్తుంటే ఆమె పూర్ణం రుబ్బించింది. మా పెళ్ళిళ్ళలో ఓళిగలు తప్పనిసరి. పప్పూ బెల్లం పూర్ణం పెట్టి పల్చగా ఒత్తి నెయ్యి వేసి కాలుస్తాం. మా పద్ధతేమిటంటే, ఓళిగ పెనం మీద నుంచి నేరుగా ఆకు మీదకు రావాలి. అందుకని జనం కూర్చుని, పప్పన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిన్నాక ఓళిగ తెస్తాం. పొగలు కక్కుతూ వస్తుంది, అందరూ ఆహా అంటారు. మా తెలుగు ఊళ్ళల్లో ఎప్పుడూ అంతే. లోకమంతా అలాగే తింటుందని మేమూ అనుకున్నాం.

ఎండెక్కేసరికి ఒక పొయ్యి రెగ్యులేటర్ మొరాయించింది. మంట నీలంగా లేచి, అలిసిపోయినట్టు తగ్గిపోతోంది. రెండు పెనాల మీద కాల్చాల్సిన ఓళిగలు ఒకే పెనం మీద కాలుతున్నాయి. సరిగ్గా అప్పుడే కొండ దిగిన పెళ్ళివాళ్ళందరూ ఒకేసారి వచ్చిపడ్డారు. దారిలో ఇరుక్కుని ఆకలితో, చెమటతో ఉన్నారు. హాలు ఒక్కసారిగా నిండిపోయింది. నన్ను ఒకరు నీళ్ళకు, ఒకరు ఆకులకు, ఒకరు చిన్నపిల్లకు పాలకు పిలిచారు. దవడ బిగుసుకోవడం నాకు తెలిసింది. వస్తోంది అనుకున్నాను. మూలకు వెళ్ళి పెరుగన్నం తిన్నాను. ముగ్గురికీ తెలుగులో సమాధానం చెప్పాను. వాళ్ళలో ఇద్దరు తమిళులు. నా మొహం చూసి ఏదో మంచి మాటే అయ్యుంటుందని తలూపి వెళ్ళారు.

మొదటి బంతి బల్లల ముందు కూర్చుంది. ముందు వరసలో పెళ్ళికొడుకు పెదనాన్న. తెల్ల పంచె, నుదుట విభూతి, ఆ ఇంటికి పెద్దాయన. ఆకులో ఉప్పు, పచ్చడి, కూరలు పడ్డాయి. అన్నం పడింది, పప్పు పడింది, నెయ్యి పడింది. ఆయన చెయ్యి కదపలేదు. ఆయన్ని చూసి వాళ్ళ వరస మొత్తం చెయ్యి కదపలేదు. మా తెలుగువాళ్ళు మాత్రం ఎదుటి వరసలో సుబ్బరంగా కలుపుకుంటున్నారు. కాసేపటికి ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇలైయిల ఇనిప్పు ఎంగె?" అన్నాడు. ఆకులో తీపి ఏది అని. ఆయన గొంతు పెద్దది. హాల్లో గరిటెల చప్పుడు ఆగిపోయింది.

వాళ్ళ ఇంట్లో ఆకులో ముందు తీపి పడకుండా ఎవరూ చెయ్యి పెట్టరట. తీపి లేని ఆకు అంటే చావు ఇంటి భోజనమట. పెళ్ళిలో అలా వడ్డించారంటే పెళ్ళికూతురివాళ్ళు కావాలనే అవమానించారని ఆయన లెక్క. నేను పరుగెత్తుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చాను. పెళ్ళికూతురి తల్లి అప్పటికే ఏడుపు మొహంతో అక్కడ నిలబడి ఉంది. పెద్దాయన ఆకు ముందు నుంచి లేచి వెళ్ళిపోతే ఆ మాట ఎన్నేళ్ళయినా వదలదు. ఆ పిల్ల కాపురం మొదలుపెట్టకముందే అత్తింట్లో ఆ మాట కూర్చుంటుంది.

అక్క నా పక్కకు వచ్చింది. చేతికి పిండి, మొహంలో నెత్తురు లేదు.

"నిన్న నాకు చెప్పినాడుమే," అంది మెల్లగా. "సాయంత్రం ఈడ తాంబూలాలు మార్చుకునేటప్పుడు నన్ను పిలిచి మరీ చెప్పినాడు, తీపి ముందర పెట్టమని. సరే అన్నాను. వడ్డించే వాళ్ళకు చెప్పేది మరిచిపోయినాను."

నా గొంతులో తమిళం సిద్ధంగా ఉంది. మాట కూడా సిద్ధమే, ఆ "అరివు ఇరుక్కా" మాటే. ఈసారి అది న్యాయమైన మాట. తప్పు నిజంగా ఆమెది. హాలు మొత్తం చూస్తోంది. ఒక్క మాటంటే తప్పు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది, నేను బయటపడతాను. అక్క కళ్ళు దించుకుని నిలబడింది. ఆ మాట వస్తుందని ఆమెకు తెలుసు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, పిండితో సహా.

"నువ్వు పోయి ఓళిగలు చూడు అక్కా. ఇది నేను చూసుకుంటా," అన్నాను.

ఆమె కదల్లేదు. నేను హాల్లోకి నడిచాను.

నడుస్తుంటే ఇంకొక చిక్కు తట్టింది. ఆ పెద్దాయనకు తెలుగు రాదు. నా ఉపాయం ఆయన దగ్గర పనికిరాదు. ఆయనతో తమిళంలోనే మాట్లాడాలి. నాకు కోపానికి తప్ప దేనికీ వాడటం తెలియని తమిళంలో. ఆయన నన్ను చూడగానే, వంట చేయడం నీకు ఎవరు నేర్పారమ్మా, మర్యాద ఎవరు నేర్పారు, అన్నాడు. దవడ బిగుసుకుంది. నాకు వంట నేర్పిన మనిషి గుమ్మంలో నిలబడి వింటోంది.

అప్పుడు ఆయన చెయ్యి చూశాను. ఆకు అంచును వేళ్ళతో నలుపుతున్నాడు. ఆయన దవడ కూడా బిగిసే ఉంది. తెల్లవారుజాము నుంచి కొండ మీద ఉపవాసంతో నిలబడి, ఎండలో దారిలో ఇరుక్కుని, ఆకు ముందు కూర్చుని కూడా తినలేకపోయిన మనిషి. ఈయనకూ ఆకలే కదా అనిపించింది. నాకు రోజూ వచ్చే జబ్బే ఈయనకు ఇవాళ వచ్చింది. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు సరికదా, జాలేసింది. ముందు మనసులో తెలుగులో అనుకున్నాను, మా అమ్మయితే ఏమనేది అని. అదే తమిళంలో చెప్పాను.

"తప్పు మాదేనయ్యా," అన్నాను. "మీరు ముందే చెప్పారు. మా వల్ల పొరపాటైంది, పెళ్ళికూతురివాళ్ళకు ఏ సంబంధమూ లేదు. పొద్దున్నుంచి మీరు ఏమీ తినలేదు. కాస్త కూర్చోండి. ఇక తీపి పడిన ఆకులోనే మీరు చెయ్యి పెడతారు."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. తమిళం అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. ఆయనకు కోపం పోలేదు. కానీ తర్వాత అనాలనుకున్న మాట ఆగింది.

ఓళిగలు అందరికీ సరిపడా లేవు. చక్కెర పెడితే ఇంకా అవమానం. అరిచి ఉంటే నాకు అక్కడితో దారి మూసుకుపోయేది. అరవలేదు కాబట్టి బుర్ర పనిచేసింది. పెళ్ళికూతురి తల్లి కొండ మీద నుంచి స్వామి పంచామృతం పెద్ద గిన్నెడు తెచ్చి వంటింటి అలమరలో పెట్టడం ఇందాక చూశాను. అరటిపండు, బెల్లం, తేనె, నెయ్యి, దానికంటే తీపి ఏముంది? పైగా స్వామి ప్రసాదం. వెళ్ళి ఆ గిన్నె తెచ్చాను. వడ్డించేవాళ్ళకు ఇవ్వలేదు. పాత ఆకు తీయించి, కొత్త ఆకు వేయించి, నేనే వంగి ఆయన ఆకు మూలన ఒక చెంచా పెట్టాను.

"మన స్వామి తీపి ముందు, మా తీపి తర్వాత," అన్నాను.

ఆయన ఆకును చూశాడు. రెండు వేళ్ళతో తీసుకుని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే వాళ్ళ వరస మొత్తం ఊపిరి వదిలింది. నేను వరస పొడవునా ప్రతి ఆకులో పంచామృతం పెట్టుకుంటూ పోయాను. మా తెలుగువాళ్ళు కూడా మాకేదీ అని చేతులు చాపారు. నేను ఆఖరి ఆకు దగ్గరికి చేరేసరికి వెనక నుంచి నెయ్యి వాసన వచ్చింది. అక్క స్వయంగా ఓళిగల పళ్ళెం పట్టుకుని వస్తోంది. మొదటి ఓళిగ పెద్దాయనకు వేసింది. ఆయన ఇంకొకటి అడిగాడు. తర్వాత ఇంకొకటి. చివరికి చెయ్యి కడుక్కుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, నేను పెద్దగా మాట్లాడాను, మనసులో పెట్టుకోవద్దమ్మా అన్నాడు. పెట్టుకోనయ్యా, ఆకలేస్తే నేను మీకంటే పెద్దగా మాట్లాడతాను అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నా జీవితంలో బస్సులో గెలిచాను, రేషన్ షాపులో గెలిచాను, గ్యాస్ సిలిండర్ దగ్గర గెలిచాను. ఎదుటి మనిషి ఓడిపోకుండా నేను గెలవడం మాత్రం అదే మొదటిసారి. చివరి బంతి లేచేదాకా నాకు కాళ్ళు నొప్పి తెలియలేదు.

సామాను టెంపో ఎక్కించి, సాయంత్రం మేమిద్దరం తిరుత్తణి స్టేషన్‌లో కరెంటు రైలు ఎక్కాం. కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. అరక్కోణంలో జనం ఎక్కీ దిగీ రైలు కదిలాక అక్క అడిగింది.

"తప్పు నాది. అందరి ముందరా నన్ను అనేదానికి నీకు మంచి సందు దొరికినాది. ఎందుకు అనలేదు?"

"అనాలనే ఉణ్ణింది అక్కా," అన్నాను. "గొంతుదాకా వచ్చినాది. నీ మొగం చూస్తే మాట రాలేదు."

అక్క కిటికీలోంచి బయటికి చూసింది. తిరువాలంగాడు వచ్చింది, పోయింది. ఆ తర్వాత కొంగు ముడిలోంచి ఫోన్ తీసి హాస్టల్‌వాళ్ళకు చేసింది. తమిళంలో నిదానంగా, నేను రాలేనమ్మా, వేరే మనిషిని చూసుకోండి, అని చెప్పింది. పెట్టేసి మళ్ళీ కొంగులో ముడేసుకుంది. నావైపు చూడలేదు. నాకు కళ్ళు మసకబారాయి. ఏదో ఒకటి అనబోయాను.

"జల్లిగరిటె టెంపోలో పెట్టినావా?" అని అడిగింది.

నేను గుర్తు తెచ్చుకున్నాను. పెట్టలేదు. ఆ చిల్లుల గరిటెను మండపంలో పొయ్యి పక్కన గోడకు ఆనించి వచ్చేశాను.

"మరిచిపోయినా అక్కా."

"మరిచిపోయినావా? అంత పెద్ద గరిటె! నీ తలకాయ యాడ పెట్టుకోనుండావుమే? పెద్దాయనకు నీతులు చెప్పేదానికి వస్తాది నోరు, ఒక గరిటె చూసుకునేదానికి కండ్లు రావా? నా పెండ్లికి మా అమ్మిచ్చిన గరిటె అది. రేపు పొద్దున్నే మొదటి బండికి పోవాల నువ్వు. తెచ్చినాకనే ఇంట్లో కాలు పెట్టు!"

పెట్టె నిండా ఉన్న జనం మావైపు తిరిగారు. అక్క ఆగలేదు. నా పాత మరుపులన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు పాలు పొంగించిన సంగతి కూడా తీసింది. వింటుంటే నాకు ఒక సంగతి తెలిసింది. చాలా కాలంగా మా అక్క నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. ఏదంటే నాకు ఎక్కడ అరవం వస్తుందోనని భయపడి, నన్ను తిట్టడమే మానేసింది. అదేదో ఆమె మంచితనం అనుకుని నేను గమనించనే లేదు. ఇప్పుడామె రైలంతా వినేలా తిడుతోంది, కొంచెం కూడా భయం లేకుండా.

"నవ్వతా ఉండావా? ఇంకా నవ్వతా ఉండావా?" అంది.

అవును, నవ్వుతున్నాను. కడంబత్తూరు దాటేదాకా తిట్టింది. నేను ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. తిరువళ్ళూరులో దిగేటప్పుడు ఆమె సంచీ కూడా నేనే తీసుకుని, "ఇంకా ఏమైనా ఉంటే ఇంటికి పోతా తిట్టు అక్కా," అన్నాను.